స్వింగ్ కాళ్లలో మొదలవుతుంది

పిల్లల గోల్ఫ్‌లో దూరం మీద ఉన్న మోజు ఒంటి బలం మీద లేదు. బంతి ఎంత దూరం పోయిందో అందరూ చూస్తారు. దాన్ని కొట్టేటప్పుడు నడుము ఎంత భరించిందో ఎవరికీ కనబడదు. అందుకే పదేళ్ల పిల్లవాడికి దూరం కొట్టడానికి వాడే డ్రైవర్ క్లబ్బు ఖరీదైనది కొనిపెట్టే తల్లిదండ్రులు కూడా వాడి తుంటి ఎంత తిరుగుతోందో పట్టించుకోరు. ఈ వరుస తిరగబడాలి. ముందు కాళ్లు, తుంటి, పొట్ట కండరాలు గట్టిపడాలి, వేగం సంగతి ఆ తర్వాత.

ఎందుకంటారా, వెన్నెముక కట్టుబడే అలాంటిది. నడుములోని ఐదు పూసలు ముందుకూ వెనక్కూ బాగానే వంగుతాయి గానీ, అన్నీ కలిసినా ఒక పక్కకు తిరిగేది పదిహేను డిగ్రీలకు మించదు. క్లబ్బును వెనక్కి ఎత్తే బ్యాక్‌స్వింగ్‌లో భుజాలు దాదాపు 90 డిగ్రీలు తిరగాలి. మిగతాదంతా తుంటీ, ఛాతీ వెనకున్న వెన్నూ ఇవ్వాలి. పొద్దున బడి బెంచీ, సాయంత్రం ట్యూషన్, రాత్రి ఫోనుతో గడిపే పిల్లల్లో బిగుసుకుపోయేవి సరిగ్గా ఈ రెండే. అప్పుడా భారం నడుము మీద పడుతుంది. గోల్ఫర్లను ఎక్కువగా బాధించే నొప్పుల్లో నడుం నొప్పి ముందుంటుంది మరి. పైగా క్లబ్బును బంతి మీదికి దించే డౌన్‌స్వింగ్ పావు సెకనులో అయిపోతుంది. ఆ క్షణంలో ‘వంగిన కోణం వదలకు’ అని కోచ్ ఎంత అరిచినా లాభం లేదు, కండరానికి ముందే తెలిసుండాలి. అది తెలిసిందో లేదో చూడటానికి ఇంట్లోనే ఓ పరీక్ష ఉంది. క్లబ్బును వీపు మీద నిలువుగా, తలకూ భుజాల నడుమకూ వెన్ను చివరకూ ఆనేలా పట్టుకుని వంగమనండి. వంపు తుంటి దగ్గర వస్తే మూడుచోట్లా ఆనే ఉంటుంది. ఎక్కడ వీడినా వీపు గూనిగా వంగుతోందన్నమాట. అలాంటి పిల్లలకు ఒంటికాలి మీద నిలబడటం, గుంజీళ్లు చాలు మొదలుపెట్టడానికి. (బడిలో శిక్షగా వేసి వాటి పరువు తీశాం గానీ, మంచి వ్యాయామమే.)

బరువులెత్తితే ఎదుగుదల ఆగిపోతుందన్న భయం పాతదే. పెద్దల పర్యవేక్షణలో పద్ధతిగా చేస్తే ఎముకల ఎదుగుదలకు హాని లేదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలైతే 5-17 ఏళ్లవారికి వారంలో కనీసం మూడు రోజులు కండరాలకూ ఎముకలకూ బలాన్నిచ్చే కసరత్తు ఉండాలంటాయి. జిమ్‌లో అంత చెమటోడ్చిన టైగర్ వుడ్స్‌కే 2017లో వెన్నుపూసలు కలిపి బిగించాల్సి వచ్చింది కదా అనవచ్చు. ఒక్క మనిషి వెన్ను చూసి కారణం తేల్చలేం. బలం ఒక్కటే కాపాడదని మాత్రం ఒప్పుకోవాలి, రోజుకు కొట్టే బంతులకూ హద్దుండాలి. ఇంతకన్నా గట్టి ప్రశ్న గోల్ఫర్ సాహిత్ తీగల. తెలుగు తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన అతని వెన్ను చిన్నప్పటినుంచే పక్కకు వంపు తిరిగి ఉంది. అయినా 2023లో పీజీఏ టూర్‌లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. మరి భంగిమతో పనేముంది? ఉంది. భంగిమలో నిలకడ అంటే ఫొటోలో అందంగా నిటారుగా కనబడటం కాదు, ఎవరి ఒంటి తీరును బట్టి వాళ్లు తీసుకున్న కోణాన్ని బంతి తగిలేదాకా నిలుపుకోవడం.

వేసవి శిబిరంలో చేర్పించేముందు, మొదటి బంతి కొట్టేలోపు ఎంతసేపు వ్యాయామం చేయిస్తారో కోచ్‌ని అడగండి. జవాబు లేకపోతే ఇంకో కోచ్‌ని చూసుకోండి.