బెంగళూరు వదిలేద్దామనుకుంటున్నారు సరే, వెళ్లేది ఎక్కడికి?

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు వైపు కాపురం ఉంటున్న తెలుగువాళ్లలో ‘ఇక చాలు, ఇక్కడి నుంచి వెళ్లిపోదాం’ అని ఒక్కసారైనా అనుకోనివాళ్లు తక్కువ. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ కోసం అపార్ట్‌మెంట్లలో వంతులు పెట్టుకున్నప్పుడు ఈ మాట గట్టిగా వినిపించింది. వానలు పడ్డాక సద్దుమణిగింది. ఇంటి ఓనర్ అద్దె పెంచినప్పుడో, సిల్క్‌బోర్డు దగ్గర గంటసేపు ఇరుక్కుపోయినప్పుడో మళ్లీ మొదలవుతుంది.

ఇందులో ఆశ్చర్యపోవాల్సింది లేదు. 2001 జనాభా లెక్కల్లో బెంగళూరు అర్బన్ జిల్లా జనాభా 65 లక్షలు. 2011 నాటికి అది 96 లక్షలైంది. ఆ తర్వాత ఎంత పెరిగిందో సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డెక్కితే తెలుస్తుంది. 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాలకు కావేరి నీళ్లిచ్చే అయిదో దశ పథకం ప్రారంభమైంది 2024 అక్టోబరులో. అంటే నగరంలో కలిసిన 17 ఏళ్లకు.

కాబట్టి ఎందుకు వెళ్లాలనే దానిపై పెద్దగా వాదన అక్కర్లేదు. ఎక్కడికి వెళ్లాలన్న దగ్గరే చిక్కంతా. చాలామంది రెండే చూస్తారు. అక్కడ అద్దె ఎంత, సొంతూరికి ఎంత దగ్గర. ఈ రెండూ చూడాల్సినవే. కానీ వెళ్లిన ఏడాదికే తిరిగి బెంగళూరు బండెక్కించేవి ఇవి కావు. ఇప్పుడున్న ఉద్యోగం పోతే తర్వాతి ఉద్యోగం ఆ ఊళ్లో దొరుకుతుందా, భార్యాభర్తల్లో రెండోవారి ఉద్యోగం ఏమవుతుంది, పిల్లలు ఏ తరగతిలో ఉన్నారు అన్నవి.

అద్దెలో మిగిలింది ఎటు పోతుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. బెంగళూరులో రెండు బెడ్‌రూముల ఇంటికి నెలకు 45 వేలు కడుతున్నారనుకుందాం. మీరు వెళ్లాలనుకున్న ఊళ్లో అలాంటి ఇల్లు 20 వేలకు దొరికింది. నెలకు 25 వేలు మిగులు. ఇక్కడితో లెక్క ఆపేస్తే ఎవరికైనా వెంటనే సామాను సర్దుకోవాలనిపిస్తుంది.

అయితే కంపెనీ నెలకు రెండుసార్లు ఆఫీసుకు రమ్మంది. రానూపోనూ చార్జీలు, రెండేసి రాత్రులు లాడ్జి కలిపి నెలకు 12 వేలు వేసుకోండి. మిగిలేది 13 వేలు. ఇద్దరిలో ఒకరు చేస్తున్న 40 వేల ఉద్యోగం ఆ ఊళ్లో దొరకలేదంటే, మిగులు సంగతి అటుంచి నెలకు 27 వేలు తక్కువ పడతాయి. అద్దె తగ్గి కూడా ఇల్లు గడవడం కష్టమవడం ఇలాగే జరుగుతుంది. ‘వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంది కదా’ అనే ధీమా కూడా కోవిడ్ రోజుల్లో ఉన్నంతగా ఇప్పుడు పనికిరాదు. నెలకు రెండుసార్లు అన్న కంపెనీ రేపు వారానికి మూడు రోజులు రమ్మనొచ్చు. మీ ఆఫర్ లెటర్‌లో పని చేసే చోటు అని ఏ ఊరు రాసి ఉందో ముందు చూసుకోండి. మేనేజర్ నోటిమాట మేనేజర్ మారేదాకానే.

ఒక్క విషయంలో మాత్రం ఊరట ఉంటుంది. బెంగళూరులో ఒకప్పుడు పది నెలల అద్దె అడ్వాన్సుగా అడిగేవారు. ఇప్పుడు తగ్గినా అయిదారు నెలలది అడిగేవాళ్లు ఉన్నారు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు రెండు నెలలకు మించకూడదంటోంది గానీ, రాష్ట్రం తనంతట తాను చట్టం చేసుకుంటే తప్ప అది వర్తించదు. తెలుగు ఊళ్లలో మామూలుగా రెండు మూడు నెలల అడ్వాన్సుతో పని జరిగిపోతుంది.

ఏ ఊరు ఎవరికి?

ఇద్దరూ ఐటీలో ఉన్న కుటుంబానికి నా ఉద్దేశంలో ఇప్పటికీ హైదరాబాదే మొదటి మాట. అక్కడ అద్దె తక్కువని కాదు. కొండాపూర్, గచ్చిబౌలి వైపు అద్దెలు, ట్రాఫిక్ చూస్తే బెంగళూరే గుర్తొస్తుంది. కానీ ఒక ఉద్యోగం పోతే ఊరు మారకుండా ఇంకొకటి వెతుక్కోవచ్చు. నలభై దాటినవాళ్లకు ఈ ఒక్క సౌకర్యం విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

విశాఖ గురించి ఇప్పుడు ఎక్కువ మంది అడుగుతున్నారు. 2025లో టీసీఎస్‌కు 99 పైసలకు భూమి ఇచ్చారు. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. సంతోషమే. అయితే గూగుల్ కడతానన్నది ప్రధానంగా డేటా సెంటర్. కట్టేటప్పుడు చాలామందికి పని ఉంటుంది, కట్టాక నడపడానికి అంతమంది అక్కర్లేదు. వచ్చే ఉద్యోగాలైనా ఏళ్ల మీద వస్తాయి. ప్రకటన చూసి ఇప్పుడే ఇల్లు అమ్ముకుని వెళ్లడం తొందరపాటు. రిటైరవుతున్నవాళ్లు, ఊరితో పని లేకుండా సంపాదించుకోగలిగినవాళ్లు వెళ్లొచ్చు.

అనంతపురం, హిందూపురం వైపువాళ్లకు ఓ అనుకూలత ఉంది. బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్లిలో, హైదరాబాద్ హైవే వైపే ఉంది. నగరంలోని ఎలక్ట్రానిక్ సిటీ నుంచి విమానాశ్రయానికి వెళ్లడం కన్నా హిందూపురం నుంచి వెళ్లడమే కొన్నిసార్లు ప్రాణానికి హాయి. 2023 సెప్టెంబరు నుంచి కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ కూడా కర్నూలు, అనంతపురం, ధర్మవరం మీదుగా నడుస్తోంది. కానీ అది హైదరాబాదులో తెల్లవారుజామున బయల్దేరి యశ్వంత్‌పూర్‌కు మధ్యాహ్నం చేరుతుంది. పొద్దున ఆఫీసుకు వెళ్లాలంటే పనికిరాదు. రైలు ఉందా అని మాత్రమే కాదు, ఎన్నింటికి చేరుతుందో కూడా చూడాలి.

మైసూరు సంగతీ అంతే. 2023 మార్చిలో ప్రారంభమైన ఎక్స్‌ప్రెస్‌వేతో ప్రయాణం తేలికైంది. కానీ ఆ రోడ్డు బెంగళూరుకు పడమటి వైపు, కెంగేరి దగ్గర కలుస్తుంది. మీ ఆఫీసు తూర్పున వైట్‌ఫీల్డ్‌లో ఉంటే అసలు ప్రయాణం అక్కడే మొదలవుతుంది.

పిల్లలు తొమ్మిదో తరగతికి రాకముందే

తల్లిదండ్రులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, అదీ నాలుగైదేళ్ల తర్వాత. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంజనీరింగ్, మెడిసిన్ వంటి కోర్సుల్లో రాష్ట్ర కోటా సీట్లలో 85 శాతం స్థానికులకే. స్థానికుడంటే ఆ ఊళ్లో తాతకు ఇల్లు ఉన్నవాడు కాదు. మామూలు నిబంధన ప్రకారం ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు అక్కడ చదివినవాడు. తెలంగాణ 2024లో మెడికల్ అడ్మిషన్లకు ఈ మేరకు పెట్టిన నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మీకు వర్తిస్తాయో లేదో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాల్సిందే.

కర్ణాటక సీఈటీలో నిబంధన వేరు. ప్రధాన అర్హత కింద ఒకటి నుంచి పన్నెండు లోపు కనీసం ఏడేళ్లు అక్కడ చదివి, పదో తరగతి గానీ పీయూసీ గానీ అక్కడ పాసై ఉండాలి.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. తొమ్మిదో తరగతి బెంగళూరులో చదివించి, పదికి తిరుపతి తీసుకెళ్లారనుకోండి. ఆంధ్రలో నాలుగేళ్ల లెక్కకు ఒక ఏడాది తగ్గింది. కర్ణాటకలో పది, పీయూసీ రెండూ లేవు. పిల్ల మామూలు నిబంధనల కింద రెండు రాష్ట్రాలకూ కాకుండా పోతుంది. అదే ఎనిమిది కాగానే వచ్చి ఉంటే ఆంధ్రలో స్థానికురాలు. పది అయ్యాక వచ్చి ఉంటే కర్ణాటక అర్హతైనా మిగిలేది. ఎన్ఐటీల్లో సొంత రాష్ట్రం కోటాకు మాత్రం పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారన్నదే లెక్క.

అందుకే పిల్ల ఏడులోనో ఎనిమిదిలోనో ఉంటే నిర్ణయం త్వరగా తీసుకోండి. తొమ్మిదిలో ఉంటే కనీసం పది అయ్యేదాకా ఆగండి.

ముందు అద్దెకు, తర్వాతే కొనడం

ఊరు చూడటానికి సంక్రాంతికి వెళ్లకండి. సంక్రాంతికి అన్ని ఊళ్లూ బాగానే ఉంటాయి. మే నెలలో వారం రోజులు ఉండండి. కుళాయి ఎన్ని రోజులకోసారి వస్తుందో, కరెంటు ఎంతసేపు పోతుందో అప్పుడు తెలుస్తుంది. అనంతపురం దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటి. బెంగళూరులో ట్యాంకర్‌కు భయపడి వెళ్లి అక్కడ ట్యాంకర్ కొనుక్కోవడంలో అర్థం లేదు. విజయవాడలో ఇల్లు చూస్తుంటే, 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఆ వీధికి వచ్చాయా అని ఓనర్‌ను కాదు, వీధి చివర కిరాణా కొట్టతన్ని అడగండి.

పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే రాత్రి రెండు గంటలకు గుండె నొప్పి వస్తే ఏ ఆసుపత్రికి, ఎన్ని నిమిషాల్లో అన్న ప్రశ్నకు జవాబు ఉండాలి. అన్నట్టు, కొన్ని ఆరోగ్య బీమా పాలసీల్లో ఊరిని బట్టి ప్రీమియం మారుతుంది. చిన్న ఊరి ప్రీమియం కట్టి పెద్ద నగరంలో వైద్యం చేయించుకుంటే బిల్లులో కొంత మీరే కట్టాల్సి రావచ్చు.

బెంగళూరులో ఫ్లాట్ ఉండి, అది అమ్మి వెళ్లేవాళ్లు పన్ను భయంతో వెంటనే ఇంకో ఇల్లు కొనేస్తుంటారు. అంత కంగారు అక్కర్లేదు. దీర్ఘకాలిక లాభంపై మినహాయింపు కోసం అమ్మిన రెండేళ్లలోగా కొనవచ్చు, కట్టుకుంటే మూడేళ్ల గడువు ఉంది. రిటర్ను వేసే గడువులోగా వాడని సొమ్మును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేసి ఉంచితే చాలు. అంటే 11 నెలల అగ్రిమెంటుతో ఒక అద్దె ఇంట్లో ఉండి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూశాక కొనడానికి టైముంది.

కారు విషయం కూడా మరవకండి. కేఏ నంబరు బండి వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. బెంగళూరు ఆర్టీవో నుంచి ఎన్ఓసీ తెచ్చుకుని, కొత్త రాష్ట్రంలో రోడ్డు ట్యాక్స్ కట్టి, పాత ట్యాక్స్‌లో మిగిలిన కాలానిది వాపసు అడగాలి. వాపసు రావడానికి ఓపిక కావాలి. ఎన్ఓసీ మాత్రం సామాను లారీ ఎక్కించకముందే తీసుకోండి. ఆ ఒక్క కాగితం కోసం సెలవు పెట్టి మళ్లీ బెంగళూరు రావాల్సి వస్తే, వచ్చేది సిల్క్‌బోర్డు మీదుగానే.