ఇంటర్ తరువాత చూపులేని బిడ్డ ఎక్కడికి?

ప్రగతి నగర్ నుండి కూకట్‌పల్లిలోని జె.ఎన్.టి.యు. ఎంతో దూరం కాదు. అయినా చూపులేని విద్యార్థికి ఆ రద్దీ రోడ్డు దాటడమే మొదటి పరీక్ష. అందుకే "ఇంటర్ చాలు, ఇక ఇంటిపట్టున ఉండనీ" అనే తల్లిదండ్రులు మన పల్లెల్లో ఉన్నారు. వారి భయాన్ని మేము తప్పుపట్టము.

కాని మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ గారిని గమనించండి. చూపు లేదని ఇంటర్‌లో సైన్సు గ్రూపు నిరాకరిస్తే కోర్టుకెళ్లి గెలిచారు. పాఠాలు రికార్డులో విని చదువుకుని 98 శాతం మార్కులు సాధించారు. అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు వికలాంగులకు కేటాయించాలి. అందుకు వైకల్యం 40 శాతమో, అంతకు మించో ఉన్నట్లు ధ్రువపత్రం కావాలి. పరీక్షల్లో చెప్పింది వ్రాసిపెట్టే సహాయకుని కూడా కోరవచ్చు.

మనమేమి చేయగలం? ధ్రువపత్రం ముందే తెచ్చుకుందాం. క్లాసులు మొదలు కాకముందే హాస్టలు నుండి తరగతి గదికి బిడ్డతో పలుమార్లు నడుద్దాం. సంఘ యౌవనస్థులు పాఠాలు చదివి ఫోనులో రికార్డు చేసివ్వవచ్చు. అన్నిటికంటే ముందు, జాలిపడటం మాని, "నీకేమి కావాలి?" అని ఆ బిడ్డనే అడుగుదాం.