వాలుగీత బాకీ లెక్క

గోదావరిఖని ఎయిట్ ఇంక్లైన్ కాలనీ నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. తండ్రి సింగరేణి వర్క్‌షాపులో టర్నరు, తను డిప్లొమా చదువుతున్నాడు. బల్ల మీద పెట్టుకునే 3018 రకం చిన్న మిల్లింగ్ మెషిన్ కొన్నారట. "మా ల్యాప్‌టాప్ సెకనుకు కోట్ల లెక్కలు చేస్తుంది కదా సార్, మధ్యలో ఈ ఆర్డునో బోర్డు ఎందుకు? దాన్ని తీసేసి నేరుగా నడపలేమా?" అని అడుగుతున్నాడు. వైరింగ్ సంగతి కూడా అడిగాడు గానీ దానికి రెండు ముక్కలు చాలు. ఆర్డునో ఊనో మీద సీఎన్‌సీ షీల్డ్ గుచ్చాలి, షీల్డ్ మీద మూడు మోటారు డ్రైవర్లు పెట్టాలి. 2, 3, 4 పిన్నులు ఎక్స్, వై, జెడ్ మోటార్లకు స్టెప్పులు పంపుతాయి, 5, 6, 7 పిన్నులు ఎటు తిరగాలో చెబుతాయి. కరెంటు ఉండగా మోటారు వైరు పీకొద్దు, డ్రైవరు కాలిపోతుంది. వైరింగ్ అయిపోయింది.

ఇక అసలు ప్రశ్న. ల్యాప్‌టాప్‌కు వేగం ఉంది, నిలకడ లేదు. విండోస్ ఒకేసారి వంద పనులు చూసుకుంటూ ఉంటుంది. మోటారును ఒక స్టెప్పు కదిపే పల్స్ పంపాల్సిన క్షణంలో యాంటీవైరస్ నిద్ర లేచిందంటే పల్స్ ఆగుతుంది. పది మిల్లీసెకన్ల ఆలస్యం మన కంటికి ఆనదు, తిరుగుతున్న స్టెప్పర్ మోటారుకు మాత్రం అది ఉన్నట్టుండి బ్రేకు వేయడమే. పాత ప్రింటర్ పోర్టుతో మెషిన్లు నడిపిన కాలంలో మాక్3 అనే ప్రోగ్రాం ఇందుకే విండోస్ లోపలికి తన సొంత డ్రైవర్‌ను దూర్చాల్సి వచ్చింది. లైనక్స్‌సీఎన్‌సీ వాళ్లు ఏకంగా కెర్నల్‌నే మార్చుకున్నారు. ఆర్డునోకు ఈ తంటా లేదు. దానికి వేరే పనే లేదు.

అయితే అది ఎంత చిన్న బుర్రో చూడండి. అందులోని ఏటీమెగా328 చిప్ 8 బిట్లది. వేగం 16 మెగాహెర్ట్జ్, పని చేసుకునే మెమరీ 2 కిలోబైట్లు. భాగహారానికి సర్క్యూట్ లేదు, దశాంశాలు అసలే తెలియవు. దశాంశాలతో ఒక్క భాగహారం చేయాలంటే ప్రోగ్రాం ద్వారా వందల క్లాకులు ఖర్చవుతాయి. ఇంత చిన్నదాన్ని నమ్ముకుని నార్వేకు చెందిన సిమెన్ స్వాలే స్కాగ్స్‌రూడ్ 2009లో జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రాం రాశాడు. తర్వాత సన్నీ జియాన్ దాన్ని ముందుకు తీసుకెళ్లాడు. అది సెకనుకు 30 వేల స్టెప్పులు పంపగలదు. అంటే ఒక స్టెప్పుకూ ఇంకో స్టెప్పుకూ మధ్య దొరికేది 533 క్లాకులు. భాగహారం మొదలుపెడితే పుణ్యకాలం గడిచిపోతుంది.

మరి వాలుగీత ఎలా గీస్తుంది? మనం "జి1 ఎక్స్8 వై3 ఎఫ్180" అని పంపామనుకోండి. ఎక్స్ వైపు 8 మిల్లీమీటర్లు, వై వైపు 3, నిమిషానికి 180 మిల్లీమీటర్ల వేగంతో అని అర్థం. ఈ మెషిన్‌లో మిల్లీమీటరుకు 800 స్టెప్పులు. ఎక్స్ 6,400, వై 2,400 కొట్టాలి. మోటారుకు అడ్డంగానో నిలువుగానో ఒక స్టెప్పు వేయడమే వచ్చు, వాలుగా కదలడం రాదు. ఏ ఎక్స్ స్టెప్పుతో పాటు వై స్టెప్పు పడాలన్నదే చిక్కు.

దీనికి జవాబు కిరాణా కొట్టు బాకీ ఖాతాలో ఉంది. లెక్క తేలిగ్గా ఉండాలని 8 స్టెప్పులకు 3 అనుకుందాం. ఖాతా 4తో, అంటే 8లో సగంతో, తెరుస్తాం. ఎక్స్ ఒక్కో స్టెప్పు వేసినప్పుడల్లా ఖాతాలో 3 కలుపుతాం. మొత్తం 8 దాటితే వై ఒక స్టెప్పు వేస్తుంది, ఖాతాలో 8 తీసేస్తాం. మొదట 7, దాటలేదు. తర్వాత 10, వై స్టెప్పు పడింది, మిగిలింది 2. ఆపైన 5, ఆపైన 8. సరిగ్గా ఎనిమిదే, దాటలేదు కాబట్టి ఆగుతాం. ఐదోసారి 11, స్టెప్పు, మిగిలింది 3. తర్వాత 6. ఏడోసారి 9, స్టెప్పు, మిగిలింది 1. ఎనిమిదోసారి 4. వై సరిగ్గా మూడు స్టెప్పులు వేసింది, ఖాతా తెరిచినప్పుడు ఎంతుందో అంతకే వచ్చింది. గీత పొడవునా ఎక్కడా అసలు రేఖ నుంచి సగం స్టెప్పు కంటే పక్కకు పోలేదు. భాగహారం లేదు, దశాంశం లేదు. కూడిక, తీసివేత, ఏది పెద్దదో చూడటం, అంతే! ఇంతకంటే పొదుపైన లెక్క నాకు కనబడలేదు.

దీన్ని కనిపెట్టింది ఐబీఎం ఉద్యోగి జాక్ బ్రెసెన్‌హామ్, 1962లో. అచ్చయింది 1965లో. మన ఇంజనీరింగ్ విద్యార్థులు చాలామందికి ఈ పేరు తెలుసు, కంప్యూటర్ గ్రాఫిక్స్ పరీక్షలో వస్తుంది కాబట్టి. తెర మీద చుక్కలు వెలిగించడానికే ఇది పుట్టిందని వాళ్ల నమ్మకం, పాఠాలు చెప్పే తీరు అలా ఉంటుంది మరి. నిజానికి బ్రెసెన్‌హామ్ ముందు ఉన్నది తెర కాదు, క్యాల్‌కాంప్ ప్లాటర్. కలాన్ని స్టెప్పు స్టెప్పుగా జరిపి కాగితం మీద గీసే యంత్రం అది. కలం తీసి కట్టర్ పెడితే మన కుర్రాడి బల్ల మీద ఉన్నదే.

ఈ లెక్కకూ ఒక ఇబ్బంది ఉంది. వై స్టెప్పులు 2, 5, 7 దగ్గర పడ్డాయి, అంటే ఎడం ఒకసారి మూడు, ఒకసారి రెండు. నెమ్మదిగా నడిచేటప్పుడు ఈ హెచ్చుతగ్గులకు వై మోటారు గరగరమంటుంది, ఆ వణుకు జాబ్ మీద కూడా పడొచ్చు. జీఆర్‌బీఎల్ దీనికి వేసిన ఎత్తు ముచ్చటగా ఉంటుంది. పైన చెప్పిన వేగానికి ఎక్స్ సెకనుకు సుమారు 2,250 స్టెప్పులు వేస్తుంది. 2,000కూ 4,000కూ మధ్య ఉంటే ప్రోగ్రాం ఖాతాను నాలుగింతలు తరచుగా, సుమారు తొమ్మిది వేలసార్లు, చూస్తుంది. ఎక్స్ స్టెప్పులు పెరగవు. వై మాత్రం ఎక్స్ కోసం కాచుకోకుండా రెండు ఎక్స్ స్టెప్పుల మధ్యలో కూడా పడగలదు, ఎడాలు సర్దుకుంటాయి. నాలుగుతో గుణించడమంటే బిట్లను రెండు గళ్లు జరపడమే కాబట్టి చిప్‌కు ఇదేమీ బరువు కాదు.

కుర్రాడు ఉత్తరం చివర్లో డ్రైవర్లు మార్చి, ఒక్కో స్టెప్పును 16 ముక్కలు (మైక్రోస్టెప్పులు) చేసే బదులు 32 చేస్తే పని రెండింతలు కచ్చితంగా వస్తుందా అని అడిగాడు. రాదు. అమ్మేవాళ్లు అలాగే చెబుతారు. మైక్రోస్టెప్పు సన్నబడేకొద్దీ ఆ ఒక్క స్టెప్పు జరపడానికి మోటారుకు దొరికే బలం కూడా సన్నబడుతుంది. 16 దగ్గర అది మోటారు పట్టుబలంలో దాదాపు పదో వంతు, 32 దగ్గర ఇరవయ్యో వంతు. కట్టర్ లోహంలో దిగి ఉన్నప్పుడు అంత చిన్న తోపుకు మోటారు తిప్పే స్క్రూ కదలదు. నాలుగైదు స్టెప్పులు పోగయ్యాక ఒక్కసారి జరుగుతుంది.

ఉపయోగాల మాట కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నా. సర్క్యూట్ బోర్డుల మీద రాగి గీతలు చెక్కుకోవచ్చు, అల్యూమినియంలో చిన్న బ్రాకెట్లు చేసుకోవచ్చు. జరిగేది మాత్రం చెక్క మీద ఇంటిపేర్లు చెక్కడం. హైదరాబాద్‌లో 2023లో తెరిచిన తయారీ కేంద్రం టీ-వర్క్స్‌లో పెద్ద మెషిన్లు ఉన్నాయి సరే, గోదావరిఖని నుంచి రెండువందల కిలోమీటర్లకు పైగా పోవాలి. చేయి తిరిగిన టర్నర్లు, ఫిట్టర్లు వీధికొకరు ఉన్న ఊళ్లో పిల్లలు ప్రాజెక్టు పేరుతో తయారైన కిట్లు కొని వాటి ఫొటోలు రికార్డులో అతికించడం నాకు నచ్చదు.

బాబూ, నువ్వు మాత్రం మెషిన్ బెడ్ మీద మీ నాన్న చేత డయల్ గేజి పెట్టించు. టేబుల్‌ను వై వైపు 10 మిల్లీమీటర్లు పంపి వెనక్కి రప్పించు. ముల్లు మొదటి చోటికి రాకపోతే తప్పు బ్రెసెన్‌హామ్‌ది కాదు. ఆర్డునో స్టెప్పు పంపుతుందే తప్ప టేబుల్ నిజంగా కదిలిందో లేదో దానికి తెలియదు. ఆ తేడా సాధారణంగా లీడ్ స్క్రూ నట్టులోని ప్లే, అంటే వదులు. జీఆర్‌బీఎల్‌లో దాన్ని సరిచేసే ఏర్పాటు లేదు. సెట్టింగుల్లో వెతకొద్దు, నట్టు మార్చు.