జారిపోయిన ‘ట’

2000 నవంబరు 7, మంగళవారం. న్యూజెర్సీలో మా ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. రాత్రి ఎనిమిదింటికి కాస్త ముందు, ఫ్లోరిడా అల్ గోర్‌దేనని ఛానెళ్ళు ప్రకటించాయి. ఫ్లోరిడా వస్తే అంతా వచ్చినట్టేనని నేనే లెక్క కట్టుకుని ఇండియాకి ఫోన్ చేశాను. అక్కడ అప్పుడే తెల్లవారింది. “నాన్నా, గోర్ గెలిచాడు” అన్నాను. రిటైరైన బడిపంతులు మా నాన్న. ఆ కబురు టీ కొట్టు దగ్గర పదిమందికీ చెప్పారు.

రాత్రి పది ప్రాంతంలో ఛానెళ్ళు ఆ మాట వెనక్కి తీసుకున్నాయి. రెండు దాటాక బుష్ గెలిచాడన్నాయి. నాలుగింటికి అదీ వెనక్కి తీసుకున్నాయి. టీ కొట్టు దగ్గర నాన్న మాట పోయింది. మళ్ళీ ఫోన్ చేస్తే ఆయన ఒక్కటే అడిగారు: “ఏరా, వాళ్ళు లెక్కపెట్టి చెప్పారా, అనుకుని చెప్పారా?”

అనుకునే చెప్పారు. ఎంపిక చేసిన కొన్ని కేంద్రాల్లో ఓటేసి వచ్చినవారిని అడిగి, అక్కడి ఓట్లు చూసి, రాష్ట్రమంతటికీ అంచనా కట్టారు. అప్పటికి ఫ్లోరిడా పడమటి కొసలో, గడియారం గంట వెనుక నడిచే చోట, పోలింగ్ ఇంకా ముగియలేదు. పైగా ఛానెళ్ళన్నిటికీ లెక్కలు అందించింది ఒకే సంస్థ. నలుగురు చెప్పారనుకున్నాం గాని, మూలం ఒక్కటే. తెల్లవారుజామున ఛానెళ్ళు ఒకదాని వెనుక ఒకటి బుష్ పేరు ప్రకటించినా, అసోసియేటెడ్ ప్రెస్ మాత్రం ఆగింది. చివరికి దాదాపు 60 లక్షల ఓట్లలో తేడా 537! డిసెంబరు 12న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా అది తేలలేదు.

దీనికి మన భాషలోనే మందుంది. చూస్తే “గెలిచాడు” అంటాం. వింటే “గెలిచాడట”. ఊహిస్తే “గెలుస్తాడేమో”. నోరు మారేకొద్దీ ముందు ‘ఏమో’, తర్వాత ‘ట’ రాలిపోతాయి. పత్రికలు రాసే ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’, ‘అని తెలుస్తోంది’ కూడా అలాంటి గుర్తులే. ఇంకొకరికి చెప్పేటప్పుడు వాటిని మనమే మింగేస్తాం.

2024 జూన్ 1న చాలా ఎగ్జిట్ పోల్స్ ఎన్‌డీఏకి 350 పైనే అన్నాయి. ఆ శనివారం మా ఇంట్లో భోజనాల దగ్గర ఇద్దరు పాత స్నేహితులు ఆ అంకె మీదే మాటామాటా అనుకుని, చెప్పకుండా వెళ్ళిపోయారు. జూన్ 4న వచ్చినవి 293. అంకె పోయింది, మనస్పర్థ మిగిలింది.

నాన్న ఇప్పుడు లేరు. వార్త వినగానే ఆయన ప్రశ్నే వేసుకుంటాను. మా పిల్లల తెలుగు అంతంత మాత్రమే. అయినా ఆ ‘ట’ మాత్రం పలకమంటున్నాను.