మైటోకాండ్రియా గుట్టు విప్పుతున్న వంశీ మూథా

మనం తిన్న తిండినీ పీల్చిన గాలినీ శక్తిగా మార్చేవి కణాల్లోని మైటోకాండ్రియా. ఇవి దెబ్బతింటే మెదడు, గుండె, కండరాలు ముందుగా కుంగిపోతాయి. వీటి పనితీరుపై బోస్టన్‌లో పరిశోధిస్తున్న తెలుగు మూలాల వైద్య శాస్త్రవేత్త వంశీ మూథాకు భారత ప్రభుత్వం 2014లో పద్మశ్రీ ఇచ్చింది. ఆయన గురించీ, ఆయన రంగం గురించీ కొన్ని విశేషాలు:

● వంశీ మూథా స్టాన్‌ఫర్డ్‌లో చదివింది గణితం, కంప్యూటర్ గణన శాస్త్రం. ఆ తర్వాతే హార్వర్డ్‌లో వైద్యం చదివారు. వేల జన్యువుల సమాచారాన్ని ఒక్కచోట పెట్టి చూసే ఆయన పద్ధతిలో ఆ గణితం కనిపిస్తుంది.

● మైటోకాండ్రియా తయారుచేసే, కణం ఖర్చుపెట్టే శక్తి ఏటీపీ రూపంలో ఉంటుంది. 1929లో ఆ ఏటీపీని వెలికితీసినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఆ పని చేసింది కూడా హార్వర్డ్ వైద్య కళాశాలలోనే. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు.

● మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంది. మనుషుల్లో దాని పొడవు 16,569 అక్షరాలు. అందులోంచి తయారయ్యే ప్రోటీన్లు 13 మాత్రమే. మిగతావన్నీ కేంద్రకంలోని జన్యువుల ఆదేశంతో బయట తయారై లోపలికి చేరాల్సిందే. అవేమిటో తేల్చడానికి మూథా బృందం ఎలుకల్లోని 14 రకాల కణజాలాలను వెతికి 2008లో ‘మైటోకార్టా’ అనే జాబితా వెలువరించింది. 2020 నాటి జాబితాలో మనిషి జన్యువులు 1,136. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

● ఆ జాబితా పిల్లల వైద్యానికి అక్కరకొచ్చింది. మైటోకాండ్రియా జబ్బున్న 42 మంది పసివాళ్ల జన్యువులను దాని ఆధారంగా చదివితే పదిమందికి కారణం ఖాయంగా తెలిసింది. మరో 13 మందిలో అంతవరకూ జబ్బుతో ముడిపడని జన్యువుల్లో లోపాలు బయటపడ్డాయి.

● కెనడాలోని క్యూబెక్‌లో సగనే అనే ప్రాంతం ఉంది. అక్కడ ప్రతి 23 మందిలో సుమారు ఒకరు లీ సిండ్రోమ్ అనే మైటోకాండ్రియా జబ్బులోని ఒక రకానికి కారణమైన జన్యులోపాన్ని తమకే తెలియకుండా మోస్తుంటారు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ లోపం అందిన బిడ్డకు జబ్బు వస్తుంది. ఆ జన్యువేదో మూథా బృందం 2003లో పట్టుకుంది.

● అదే ఏడాది ఆ బృందం పరిశోధనలో మరో సంగతి తేలింది. మధుమేహం ఉన్నవారి కండరాల్లో, శక్తిని తయారుచేసే జన్యువుల చురుకు ఒక్కొక్కటిగా చూస్తే 20 శాతం మేరే తగ్గింది. విడిగా లెక్కకు రాని ఆ తగ్గుదల, మొత్తం గుంపును కలిపి చూసినప్పుడు స్పష్టంగా కనబడింది.

● మైటోకాండ్రియా కాల్షియాన్ని పీల్చుకుంటాయని 1960ల నుంచే తెలుసు. ఏ ద్వారం గుండా అన్నది యాభై ఏళ్లు అంతుచిక్కలేదు. ఈస్ట్‌కు ఆ సామర్థ్యం లేదు, ట్రిపనోసోమ్ పరాన్నజీవులకు ఉంది. ఈ తేడానే ఆధారంగా తీసుకుని మూథా బృందం 2010లో ఆ ద్వారాన్ని అదుపు చేసే ప్రోటీన్‌ను, 2011లో ద్వారాన్నే కనుగొంది. ఇటలీలోని పాడువా శాస్త్రవేత్తలు కూడా అదే సమయంలో విడిగా అదే ఫలితానికి చేరారు.

● అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది మూథా బృందం 2016 నాటి ప్రయోగం. లీ సిండ్రోమ్ లాంటి జబ్బున్న ఎలుకలు మామూలు గాలిలో సుమారు రెండు నెలలకే చనిపోతాయి. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. దాన్ని 11 శాతానికి, అంటే దాదాపు 4,500 మీటర్ల ఎత్తున దొరికేంతకు తగ్గిస్తే అవి ఎన్నో నెలలు బతికాయి. 55 శాతానికి పెంచితే కొద్ది రోజుల్లోనే చనిపోయాయి. పాడైన మైటోకాండ్రియా ఆక్సిజన్‌ను వాడుకోలేవు కాబట్టి అది కణజాలంలో మిగిలిపోయి హాని చేస్తుందని ఆ బృందం వివరణ.

● ఈ ఫలితాలు ఎలుకల్లో వచ్చినవి. మనుషులకు ఇది ఇంకా నిర్ధారిత చికిత్స కాదు, ఇంట్లో ప్రయత్నిస్తే ప్రాణాపాయం. అయినా, శక్తి చాలని కణానికి ఆక్సిజన్ ఎంత ఎక్కువ ఇస్తే అంత మేలన్న నమ్మకాన్ని ఈ ప్రయోగం తలకిందులు చేసింది. మందు లేని జబ్బుతో పుట్టే పిల్లల కోసం వెతకడానికి ఒక కొత్త దారి చూపింది.