పరిశోధన చేసే డాక్టరుకు ఎన్ని గంటలు కావాలి?

దేశంలోని 579 వైద్య సంస్థల నుంచి 2005–2014 మధ్య వెలువడిన పరిశోధన పత్రాలను సర్జన్‌ డాక్టర్‌ సమీరన్‌ నుండీ, ఆయన సహచరులు లెక్కగట్టారు. 2016లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం 332 సంస్థలు, అంటే 57.3 శాతం, ఆ పదేళ్లలో ఒక్క పత్రమూ ప్రచురించలేదు. ఏడాదికి 100 పత్రాలు దాటినవి 25 మాత్రమే. మొత్తం పత్రాల్లో 40.3 శాతం ఆ పాతిక సంస్థలవే.

ఇది చూసి మన కుర్ర డాక్టర్లకు పరిశోధన మీద ఆసక్తి లేదని తేల్చేయడం అన్యాయం. ఎండీ, ఎంఎస్‌ చదివే ప్రతి ఒక్కరూ థీసిస్‌ రాయాల్సిందే. దేశంలో పీజీ మెడికల్‌ సీట్లు 2014కు ముందు 31 వేల పైచిలుకు ఉండేవి, 2024 నాటికి 70 వేలు దాటాయి. అంటే ఏటా వేలూ పదివేలూ థీసిస్‌లు తయారవుతున్నాయి. ఎథిక్స్‌ కమిటీ అనుమతులు, రోగుల సమ్మతి పత్రాలు, రక్తపరీక్షలు, స్కాన్లు, లెక్కలు అన్నీ వాటిలో ఉంటాయి. బైండు చేయించి, అట్ట మీద బంగారు అక్షరాలు కొట్టించి సమర్పించాక వాటిలో చాలా భాగం డిపార్ట్‌మెంట్‌ బీరువాలోకి పోతాయి. పని జరుగుతోంది, జరిగిన పని బయటికి రావడం లేదు. ఎందుకు రావడం లేదో తెలియాలంటే ఒక పీజీ డాక్టరు కాలం ఎలా ఖర్చవుతోందో చూడాలి.

కోర్సు 36 నెలలు. చేరిన మొదటి ఆరు నెలలు వార్డు పద్ధతులు వంటబట్టడానికి, థీసిస్‌ ప్రణాళిక (సినాప్సిస్‌) రాయడానికే సరిపోతాయి. చివరి పరీక్షకు ఆరు నెలల ముందే థీసిస్‌ అందజేయాలి. మిగిలేది 24 నెలలు. ఆ 24 నెలల్లోనే నైట్‌ డ్యూటీలు, ఓపీ, క్యాజువాలిటీ, సెమినార్లు. వీటి మధ్య దొరికిన సందులో పరిశోధన.

సందులో చేసే పని ఎలా ఉంటుందో చూపించడానికి, ఎందరు రోగులను చూడాలో తేల్చే శాంపిల్‌ సైజ్‌ లెక్క ఒక్కటి చాలు. పీజీలందరికీ నోటికొచ్చిన సూత్రం ‘4పీక్యూ బై ఎల్‌ స్క్వేర్‌’. షుగర్‌ రోగుల్లో ఎందరికి డిప్రెషన్‌ ఉందన్నది ప్రశ్న అనుకుందాం. పాత అధ్యయనం ఒకటి 20 శాతమని చెప్పిందనుకుందాం. పీ ఆ 20, క్యూ మిగిలిన 80, ఎల్‌ మనం ఒప్పుకునే తేడా. నాలుగు ఇంటూ 20 ఇంటూ 80 అంటే 6,400. అటూ ఇటూ 5 శాతం తేడాను ఒప్పుకుంటే 6,400ను 5 స్క్వేర్‌, అంటే 25తో భాగించాలి, 256 మంది రోగులు కావాలి. పీజీ గుండె గుభేలుమంటుంది. తేడాను 10 శాతానికి పెంచితే భాగించాల్సింది 100తో, అప్పుడు 64 మంది చాలు. ‘‘సార్‌, 64 పెట్టేస్తాను’’ అంటే, నడుస్తున్న వార్డు రౌండులోనే ‘‘సరే, పెట్టెయ్‌’’ అని జవాబు వస్తుంది.

ఆ 64 మందిని చూసి చివరికి తేలేదేమిటి? డిప్రెషన్‌ 10 శాతం నుంచి 30 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చని. పదిమందిలో ఒకరికా, ముగ్గురికా అన్నది తేల్చలేని పత్రాన్ని మంచి జర్నల్‌ తీసుకోవడం కష్టం. అదే రోజు థీసిస్‌ గైడ్‌ అరగంట కూర్చోగలిగితే దారులు ఉన్నాయి. ఒకే ప్రశ్న, ఒకే ప్రొఫార్మాతో నాలుగు కాలేజీల్లో నలుగురు పీజీలు 64 మంది చొప్పున చూస్తే 256 వస్తుంది. కాలేజీల మధ్య ఉండే తేడాల కోసం ఇంకొందరిని కలుపుకోవాలి, అంతే. నలుగురి థీసిస్‌లూ నిలబడతాయి, ప్రచురించదగిన పత్రమూ ఒకటి తయారవుతుంది. అందుకు కావలసింది పక్క కాలేజీ ప్రొఫెసర్‌కు ఒక ఫోను. ఆ ఫోను పీజీ చేయలేరు, గైడే చేయాలి.

ఇలాంటి పెద్దదిక్కు, అంటే మెంటర్‌, ఎందరికి ఉందన్న ప్రశ్న మీద ‘జామా’ వైద్య పత్రిక 2006లో ఒక సమీక్ష వేసింది. 39 అధ్యయనాలను కలిపి చూస్తే తమకు మెంటర్‌ ఉన్నారన్న వైద్య విద్యార్థులు సగంకన్నా తక్కువ. కొన్ని విభాగాల అధ్యాపకుల్లోనైతే 20 శాతానికీ తక్కువ. ఆ 39లో 34 అధ్యయనాలు ఒక్కసారి అడిగి రాసుకున్న సర్వేలే కాబట్టి మెంటర్‌ వల్లనే కెరీర్‌ బాగుపడిందని వాటితో రుజువు చేయలేం. కానీ లోటు ఎంతుందో మాత్రం అవి చెబుతున్నాయి.

మెంటర్‌తోపాటు సమయం కూడా ఇచ్చి చూసిన దేశం అమెరికా. అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ (ఎన్‌ఐహెచ్‌) యువ వైద్యులకు ‘కే’ అవార్డులు ఇస్తుంది. తీసుకున్నవారు సాధారణంగా తమ పని సమయంలో కనీసం 75 శాతం పరిశోధనకే కేటాయించాలి, ఆసుపత్రి అందుకు ఒప్పుకోవాలి. 1997–2003 మధ్య ఈ అవార్డులు పొందిన 2,784 మందిని గమనిస్తే, పదేళ్లలో సొంతంగా పెద్ద గ్రాంటు సాధించినవారు 42.5 శాతం. పురుషుల్లో 45.6, స్త్రీలలో 36.2. ఇంత వెసులుబాటు ఇచ్చినా సగానికి పైగా అక్కడిదాకా రాలేదు. ఇక స్త్రీపురుషుల మధ్య ఆ తేడా మనం మరీ పట్టించుకోవాల్సింది. ఎంబీబీఎస్‌ ఐదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, ఆపైన సీనియర్‌ రెసిడెన్సీ. 18వ ఏట చేరిన అమ్మాయి ఇవన్నీ ముగించేసరికి 28కి చేరువవుతుంది. పెళ్లి, పిల్లలు అని ఇల్లు ఒత్తిడి చేసేదీ, పరిశోధకురాలిగా పేరు తెచ్చుకోవాల్సిందీ ఆ ఏళ్లలోనే.

మెంటర్‌ చేసే పని ఏమిటో దగ్గరగా చూడాలంటే మన బేగంపేటకే రావచ్చు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్‌ రాస్‌ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది సికింద్రాబాద్‌ బేగంపేటలోనే. అప్పటికి ఆయనకు 40 ఏళ్లు, ఇండియన్‌ మెడికల్‌ సర్వీస్‌లో చేరి 16 ఏళ్లు. 1894లో లండన్‌లో డాక్టర్‌ ప్యాట్రిక్‌ మాన్సన్‌ను కలిసేనాటికి ఈ పరాన్నజీవి ఉందన్న మాటనే రాస్‌ నమ్మలేదు. మాన్సన్‌ మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి చూపించారు. రాస్‌ భారతదేశానికి తిరిగొచ్చాక ఇద్దరి మధ్య ఓడల్లో ఉత్తరాలు నడిచాయి. రాస్‌ రాసినవే వందకు పైమాట. సికింద్రాబాద్‌ ఫలితం ఆ డిసెంబరులో బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌లో వచ్చినప్పుడు వెంట మాన్సన్‌ వ్యాఖ్య కూడా ఉంది. ఇంతలో రాస్‌ను మలేరియా అంతగా లేని ఖేర్వాడాకు బదిలీ చేస్తే, మాన్సన్‌ లండన్‌లో అధికారుల వెంటపడి ఆయనకు కలకత్తాలో పరిశోధన డ్యూటీ వేయించారు. అక్కడే 1898లో పక్షుల మలేరియాతో దోమ కాటు సంగతి తేలింది. దాన్ని ఎడిన్‌బరో సభలో ప్రకటించింది మాన్సన్‌. 1902లో నోబెల్‌ రాస్‌కు వచ్చింది.

ఇందులో నాకు చాలా విలువైనదిగా కనిపించే సంగతి ఒకటుంది. మలేరియాకూ దోమకూ సంబంధం గురించి మాన్సన్‌ ఊహ సగం తప్పు. దోమలు నీళ్లలో చచ్చిపోతే ఆ నీళ్లు తాగినవారికి జబ్బు వస్తుందని ఆయన అనుకున్నారు. జవాబు తెలియకుండానే ఆయన మంచి గురువయ్యారు. ఉత్తరం వస్తే చదివారు, బదులు రాశారు, శిష్యుడి పని అచ్చుకెక్కేలా చూశారు, బదిలీ అయితే అధికారుల వెంటపడ్డారు. ‘‘నాకే పరిశోధన అంతగా రాదు, పిల్లలకేం చెబుతాను’’ అని వెనకాడే అసోసియేట్‌ ప్రొఫెసర్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే ధైర్యం వస్తుంది.

డబ్బు అసలే లేదని కూడా అనలేం. ఐసీఎంఆర్‌ 1979 నుంచే ఎంబీబీఎస్‌ విద్యార్థులకు రెండు నెలల పరిశోధన స్టూడెంట్‌షిప్‌ ఇస్తోంది. హైదరాబాద్‌ కేంద్రంగా నడిచే ఇండియా అలయన్స్‌ ఫెలోషిప్‌లకు కేంద్ర కేబినెట్‌ 2025 అక్టోబరులో మూడో దశను ఆమోదించింది. మొత్తం 1,500 కోట్ల రూపాయల్లో 1,000 కోట్లు బయోటెక్నాలజీ శాఖవి, 500 కోట్లు బ్రిటన్‌లోని వెల్‌కమ్‌ ట్రస్ట్‌వి. అయితే అంత పెద్ద ఫెలోషిప్‌కు దరఖాస్తు రాయగలగాలంటే అంతకుముందే ఒకటి రెండు పత్రాలు చేతిలో ఉండాలి. అవి థీసిస్‌ నుంచే రావాలి.

అందుకే ముందుగా సర్దాల్సింది కాలేజీ డ్యూటీ చార్టును. ఏటా ఇద్దరు చొప్పున చేరితే ఒక గైడ్‌ కింద మూడు బ్యాచ్‌లకు ఆరుగురు పీజీలు. ఒక్కొక్కరికి వారానికి అరగంట అంటే మొత్తం మూడు గంటలు, ఒక పూట ఓపీ అంత. ఓపీని చార్టులో వేసినట్టే ఆ మూడు గంటలనూ వేయాలి, ఆ పూట గైడ్‌ ఓపీని మరొకరికి అప్పగించాలి. రాసి లేని సమయాన్ని క్యాజువాలిటీ మింగేస్తుంది.

అది జరిగేలోగా, ఈ ఏడాది గైడ్‌ను ఎంచుకునే అవకాశమున్న పీజీలు సీనియర్లను మూడు సంగతులు అడగవచ్చు. ఆ సార్‌ లేదా మేడమ్‌ దగ్గర గడిచిన ఐదేళ్లలో ఎన్ని థీసిస్‌లు పత్రాలయ్యాయి? వాటిలో ఎన్నింట్లో పీజీ పేరు ముందుంది? ఇచ్చిన డ్రాఫ్టు ఎర్రసిరా దిద్దుబాట్లతో ఎన్నిసార్లు వెనక్కి వచ్చింది?