గాలికి రాలిన బేనీషాను పారేయకండి

మే నెల సాయంత్రం నల్లమల మీద మబ్బు కమ్మిందంటే బనగానపల్లె నుంచి ఆళ్లగడ్డ దాకా మామిడి చెట్లున్న రైతుకు గుండె దడే. వాన కావాలి, గాలి వద్దు. కానీ రెండూ కలిసే వస్తాయి. తెల్లారి తోటలోకి వెళితే చెట్ల కింద కాయ పరిచినట్టు పడి ఉంటుంది. వ్యాపారి వచ్చి కాలితో అటూ ఇటూ కదిలించి, 'రాలుకాయ, దెబ్బ తగిలింది' అంటాడు. మంచికాయ ధరలో సగం కూడా ఇస్తాననడు. విసుగొచ్చి చాలామంది అక్కడే వదిలేస్తారు, లేదా గొడ్లకు పడేస్తారు.

ఇదే ఇంట్లో సెలవులకు వచ్చిన పిల్లలు అంగడికి పోయి రంగు నీళ్ల సీసాలు, స్ట్రాబెర్రీ ఐస్‌క్రీము కొని తెచ్చుకుంటారు. స్ట్రాబెర్రీ చలి పండు. మన రాష్ట్రంలో లంబసింగి, చింతపల్లి కొండల్లో చలికాలంలో పండిస్తున్నారు. మహారాష్ట్రలో మహాబలేశ్వర్ దీనికి పేరున్న చోటు. 45 డిగ్రీలు దాటే నంద్యాల ఎండకు ఆ మొక్క నిలబడదు. తక్కువ ధరకు దొరికే స్ట్రాబెర్రీ ఐసులో చాలావరకు ఉండేది ఎర్ర రంగు, వాసన ద్రవ్యమే. తోటలో పడి ఉన్నది మాత్రం అసలైన పండు. 2017లో బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరు 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. బే-నిషాన్ అంటే మచ్చ లేనిది అని అర్థం. పీచు లేని గుజ్జు, పలుచని తోలు, చిన్న టెంక. పాలతో, పెరుగుతో కలిపే తీపి వంటకాలకు ఇంతకంటే అనువైన మామిడి దొరకడం కష్టం.

బకెట్ నీళ్లే పరీక్ష

రాలిన కాయనంతా ఒకే కుప్పగా పోయడమే మనం చేసే మొదటి తప్పు. ముందుగా ఒక పెద్ద బకెట్ నిండా నీళ్లు పెట్టి కాయలను కొన్ని కొన్నిగా వేయండి. మునిగిన కాయ ముదిరినట్టు. అది మాగుతుంది, తీపి పడుతుంది. తేలిన కాయ లేతది. దాన్ని ఎన్నాళ్లు గడ్డిలో పెట్టినా ముడతలు పడి చప్పగా వాడిపోతుందే తప్ప పండు కాదు. తేలిన కాయ పానకానికి, మునిగిన కాయ తీపికి. ఇంతే లెక్క.

మునిగిన వాటిని కూడా చేతిలోకి తీసుకుని చూడాలి. నేల తగిలిన చోట కమిలి మెత్తబడితే ఆ భాగం మాగేటప్పుడు కుళ్లుతుంది. వీటిని విడిగా పెట్టి ముందుగా వాడుకోవాలి. తోలు మీద సొన కారి నల్లబడిన చారలు మాత్రం తోలు వరకే ఉంటాయి, వాటికి భయపడనక్కర్లేదు. సూదితో పొడిచినట్టు సన్నని గాటు ఉండి, చుట్టూ మెత్తగా ఉంటే పండు ఈగ గుడ్లు పెట్టినట్టు. లోపల తెల్లని పురుగులుంటాయి. ఇలాంటి కాయ వంటకు పనికిరాదు. చెట్టు కిందే వదిలేస్తే ఆ పురుగు మట్టిలోకి దిగి ఈగలై మళ్లీ మిగిలిన కాయ మీదికే వస్తుంది. అందుకే తోట మూల రెండడుగుల గుంట తీసి పూడ్చేయండి. రాలుకాయ ఏరడం వంటింటి కోసమే కాదు, చెట్టు మీద నిలిచిన కాయ కోసం కూడా.

తోట గుత్తకు ఇచ్చే రైతులకు ఒక మాట. పూత మీద గుత్త మాట్లాడేటప్పుడు చాలామంది డబ్బు, గడువు మాత్రమే మాట్లాడుకుంటారు. రాలుకాయ ఎవరిదో ఆ రోజే పెద్దమనుషుల ఎదుట తేల్చుకోండి. గాలివాన తర్వాత తగువు పడితే ఇద్దరికీ నష్టమే, ఈలోగా కాయ కుళ్లిపోతుంది.

మాగబెట్టడానికి వరిగడ్డి చాలు. గది మూల గడ్డి పరిచి, కాయలు ఒక వరుస, గడ్డి ఒక వరుస వేసి గోనె కప్పండి. రోజూ ఒకసారి చూసి మెత్తబడినవి తీసేయాలి. కార్బైడు పొట్లాల జోలికి వెళ్లవద్దు. పండ్లు మాగబెట్టడానికి దాన్ని వాడటం చట్టప్రకారం నిషేధం. పై తోలు పచ్చబడినా లోపల పులుపు అలాగే ఉంటుంది, ఆరోగ్యానికీ చేటు. మనింటి పిల్లలు తాగే రసానికి ఆ తొందర అసలే అక్కర్లేదు.

తేలిన కాయతో పానకం

పొలం పని చేసేవారికి వేసవిలో ఇంతకంటే మేలైన పానీయం లేదు. కిలో పచ్చి కాయలను కడిగి 20 నిమిషాలు ఉడకబెట్టండి. కట్టెల పొయ్యి ఉంటే నిప్పుల బూడిదలో కాల్చితే రుచి మరీ బాగుంటుంది. చల్లారాక తోలు తీసి గుజ్జు పిండి, టెంక పారేయండి. అందులో దాదాపు అర కిలో బెల్లం, రెండు చెంచాల ఉప్పు, దోరగా వేయించిన జీలకర్ర పొడి, కొద్దిగా మిరియాల పొడి వేసి మెదపండి. కాయ పులుపును బట్టి బెల్లం పెంచుకోవాలి. గ్లాసు చల్లటి కుండనీళ్లకు రెండు మూడు చెంచాల గుజ్జు కలిపితే సరి.

ఇందులో ఉప్పు ఎందుకంటే, చెమటలో నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతుంది. ఒట్టి నీళ్లు ఎన్ని తాగినా నీరసం తీరకపోవడానికి ఇది ఒక కారణం. కాబట్టి తీపి కోసమని ఉప్పు మానేయకండి. రక్తపోటు ఉండి ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినవారు, చక్కెర జబ్బు ఉన్నవారు మాత్రం జాగ్రత్త పడాలి. గుజ్జు బయట రెండు రోజులకు మించి ఉంచవద్దు, ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. చల్లదనానికి చేపల బండి మీద వచ్చే దిమ్మ ఐసు కొట్టి వేసేవారిని చూస్తున్నాం. ఆ ఐసు తాగే నీళ్లతో చేసింది కాదు. కుండ చాలు.

మాగిన పండుతో తీపి

పది కిలోల పండుకు తోలు, టెంక పోను సుమారు ఆరు కిలోల గుజ్జు వస్తుంది. స్టీలు కత్తి, స్టీలు గిన్నె వాడండి. పులుపు తగిలితే ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రలు కరిగి రుచి చెడుతుంది, ఒంటికీ మంచిది కాదు. గుజ్జు నల్లబడకుండా కిలోకు ఒక చెంచా నిమ్మరసం పిండండి.

అన్నింటికంటే సులభం మామిడి మజ్జిగ. గ్లాసు గట్టి పెరుగు, ముప్పావు గ్లాసు గుజ్జు, అర గ్లాసు నీళ్లు, రెండు చెంచాల చక్కెర, చిటికెడు యాలకుల పొడి. కవ్వంతో చిలికితే నురగ కట్టి చిక్కగా వస్తుంది. మిక్సీ లేకపోయినా లోటు లేదు, బేనీషాకు పీచు ఉండదు కాబట్టి. నీళ్లు వేయడానికి బదులు మహానంది వైపు దొరికే మాగిన అరటిపండు ఒకటి మెదిపి కలిపితే పిల్లలకు అదే పొద్దుటి ఆహారం.

పెరుగు ఎక్కువ ఉన్న ఇంట్లో శ్రీఖండ్ చేసుకోవచ్చు. లీటరు గేదె పెరుగును పలుచని గుడ్డలో మూటగట్టి రాత్రంతా వేలాడదీయండి. పగలు కడితే ఎండకు పులిసిపోతుంది, రాత్రే మేలు. నీరంతా కారి ముద్దగా మిగిలిన పెరుగులో నూరు గ్రాముల చక్కెర పొడి, పావు కిలో గుజ్జు, యాలకులు వేసి గరిటెతో బాగా రుద్దాలి. కుంకుమపువ్వు అంటూ పుస్తకాల్లో రాస్తారు, అది లేకపోతే ఏమీ పోదు. కారిన నీటిని పారబోయక చారులో వాడుకోండి.

ఇక కొర్ర పాయసం. ఈ జిల్లాకు ఇది సొంత వంటకంలాంటిదే. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం సూర్యనంది వంటి కొర్ర రకాలను ఇచ్చింది. మన ఇళ్లలో కొర్ర బువ్వ కొత్త కాదు. నూరు గ్రాముల కొర్ర బియ్యాన్ని రెండు గంటలు నానబెట్టి, నాలుగింతల నీళ్లు పోసి మెత్తగా ఉడికించండి. నూటయాభై గ్రాముల బెల్లాన్ని కొద్ది నీళ్లలో కరిగించి వడకట్టి కలపండి. తర్వాత పొయ్యి దించి పూర్తిగా చల్లారనివ్వాలి. అర లీటరు పాలను విడిగా కాచి చల్లార్చి పోయాలి. చివరికి పావు కిలో మామిడి గుజ్జు.

ఈ వరుస తప్పితే పాయసం విరుగుతుంది. నూటికి తొంభై ఇళ్లలో మామిడి పాయసం చెడేది ఇక్కడే. పండు ఎంత తీయగా ఉన్నా దానిలో పులుపు ఉంటుంది. వేడి పాలకు ఆ పులుపు తగలగానే పాలు గడ్డలు కడతాయి. వేడి పాలలో బెల్లం వేసినా ఇదే గతి. చల్లారిన పాలు మాత్రం ఇంత సులభంగా విరగవు. గోరువెచ్చన కూడా వద్దు, గిన్నె అడుగు చేతికి చల్లగా తగిలాకే గుజ్జు వేయండి.

ఐస్‌క్రీము అడిగే పిల్లలకు కుల్ఫీ. లీటరు పాలు సగానికి మరిగించి, నూరు గ్రాముల చక్కెర వేసి చల్లార్చి, పావు కిలో గుజ్జు కలిపి స్టీలు గ్లాసుల్లో పోయండి. మధ్యలో పుల్ల గుచ్చి ఫ్రిజ్ పై అరలో రాత్రంతా ఉంచితే చాలు. ఊళ్లో ఫ్రిజ్ ఉన్న ఇంటి వాళ్లకు రెండు గ్లాసులు ఇస్తే వాళ్లూ కాదనరు.

పట్నం నుంచి ఎవరైనా నిజమైన స్ట్రాబెర్రీలు తెస్తే వాటితోనూ ఈ మజ్జిగ, కుల్ఫీ చేయవచ్చు. ఆ పండు పులుపు ఎక్కువ కాబట్టి చక్కెర కొంచెం పెంచాలి. తొడిమతోనే కడిగి, తర్వాత తొడిమ తీయాలి. ముందే తీస్తే నీళ్లు లోపలికి చేరి పండు చప్పబడుతుంది.

నిలవ ఉంచాలంటే

గాలివాన ఒక్క రాత్రిలో పది బుట్టల కాయ రాలిస్తే రోజూ మజ్జిగ తాగి అవగొట్టలేం. అప్పుడు స్క్వాష్ కానీ, తాండ్ర కానీ చేయాలి.

స్క్వాష్‌కు కిలో గుజ్జు, కిలోంపావు చక్కెర, లీటరు నీళ్లు, 30 గ్రాముల నిమ్మ ఉప్పు కావాలి. నీళ్లలో చక్కెర, నిమ్మ ఉప్పు వేసి ఒక పొంగు రానిచ్చి వడకట్టి చల్లార్చండి. గుజ్జును జల్లెడ పట్టి కలపండి. ఇంటి మటుకు రెండు వారాల్లో వాడేసేదైతే ఇంతటితో సీసాకు ఎత్తి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. నెలల తరబడి ఉండాలంటే పొటాషియం మెటాబైసల్ఫైట్ అనే నిలవ మందు 2 గ్రాములు, ఈ మొత్తానికి కలిపి, చెంచా నీళ్లలో కరిగించి ఆఖరున వేయాలి. చేతి అంచనాతో వేయకండి, కంసాలి తూకంలాగా తూచి వేయండి. ఎక్కువైతే గొంతు మండుతుంది, ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం. అలాంటివారున్న ఇంట్లో ఈ మందు లేకుండానే చేసుకోవడం మంచిది. సీసాలను ముందుగా అరగంట నీళ్లలో మరిగించి, బోర్లించి పూర్తిగా ఆరాక నింపాలి. ఒక తడి సీసా చాలు మొత్తం పులియడానికి. తాగేటప్పుడు ఒక వంతుకు మూడు వంతుల చల్లని నీళ్లు.

తాండ్రకు మందులేమీ అక్కర్లేదు, ఎండ మనకు కావలసినంత. రెండు కిలోల గుజ్జుకు 400 గ్రాముల చక్కెర లేదా బెల్లం వేసి అడుగంటకుండా తిప్పుతూ ఒక పొంగు రానివ్వండి. నెయ్యి రాసిన స్టీలు పళ్లేల్లో పలుచగా పోసి, పైన సన్నని గుడ్డ కట్టి ఎండబెట్టండి. వేలికి అంటకుండా ఆరాక దాని మీద రెండో పొర. ఇలా అయిదారు పొరలు. గోదావరి జిల్లాల్లో చాపల మీద పీచు రకాల రసంతో చేస్తారు. బేనీషా గుజ్జు చిక్కన కాబట్టి పొర మందంగా పోస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి బూజు పడుతుంది. పలుచగానే పోయాలి. గాలివాన రోజుల్లో ఆరబెట్టడం ఇబ్బందే. మబ్బు చూసి పళ్లేలు లోపలికి తేవడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి. మధ్యలో తడిస్తే ఆ పళ్లెం పోయినట్టే. ఆరిన తాండ్రను ముక్కలు కోసి గాలి దూరని డబ్బాలో పెట్టండి.

ఇంటికి, చుట్టాలకు పోను మిగిలింది అమ్మాలనుకుంటే ముందు ఆహార భద్రత శాఖలో పేరు నమోదు చేయించుకోవాలి. చిన్న ఎత్తున చేసేవారికీ ఇది తప్పదు. సీసా మీద చేసిన తేదీ, కలిపినవి రాయాలి. పొదుపు సంఘంలో నలుగురు కలిస్తే సీసాలు, తూకం ఖర్చు పంచుకోవచ్చు. మొదటి ఏడాది ఇంటికే చేసి, సీసా ఎన్నాళ్లు నిలుస్తుందో మీరే చూసుకుని, ఆ తర్వాత అమ్మకానికి దిగండి.

గుజ్జు తీసిన టెంకలు కుప్పపోసి ఎండబెట్టకండి. అంటు కట్టే నర్సరీలకు వేరుమొక్క కోసం టెంకలు కావాలి, కానీ నెల దాటితే మొలక శాతం బాగా పడిపోతుంది. తొలకరి పడగానే తడి ఇసుకలో నాటాలి. బేనీషా టెంక నాటితే వచ్చే చెట్టు అదే పండు కాస్తుందన్న నమ్మకం లేదు, కాబట్టి ఆ మొక్కకు మంచి చెట్టు నుంచి అంటు కట్టించుకోవలసిందే.